కిణ్వనం శక్తిని పుట్టిస్తుందా? – జీవ ఇంధనాల లెక్కపై ఒక విమర్శ

"కిణ్వనం అంటే ఏమిటి?" – పరీక్షల్లో తరచుగా వచ్చే రెండు మార్కుల ప్రశ్న ఇది. "ఆక్సిజన్ లేని పరిస్థితుల్లో ఈస్ట్ వంటి సూక్ష్మజీవులు చక్కెరను ఆల్కహాల్‌గా, కార్బన్ డై ఆక్సైడ్‌గా మార్చి శక్తిని ఉత్పత్తి చేసే ప్రక్రియ" అని మీరు రాస్తారు. రెండు మార్కులూ పడతాయి. బడి నుంచి ఇంటికి వచ్చే దారిలో పెట్రోలు బంకు ఉంటుంది. అక్కడ నింపే పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్. అది పర్యావరణానికి మేలు చేసే ఇంధనమనీ, రైతు పొలంలో పండే ఇంధనమనీ ప్రకటనలు చెబుతాయి. ఆ ఇథనాల్ తయారైంది మీరు పరీక్షలో రాసిన కిణ్వనం వల్లనే. కాని ఈ రెండింటినీ కలిపి చెప్పే పాఠం మీకు ఎక్కడా కనిపించదు. మొదటిది జీవశాస్త్రంలో ఉంటుంది. రెండోది వార్తాపత్రికలో ఉంటుంది.

పైన మీరు రాసిన జవాబులో ఒక్క మాట జాగ్రత్తగా చూడండి: "ఉత్పత్తి". కిణ్వనం శక్తిని ఉత్పత్తి చేస్తుందా? చేయదు. ఇది మాటల పట్టింపు కాదు. ఈ ఒక్క మాట సరిగ్గా అర్థం కాకపోవడం వల్లే జీవ ఇంధనాల గురించి ఒకవైపు అతి ఆశలు, మరోవైపు అతి భయాలు పుడుతున్నాయి. ఇంధనం మంచిదా, చెడ్డదా అని తేల్చుకునే ముందు దాని లెక్క చూడాలి. ఆ లెక్కకు కావలసినదంతా మీ పదో తరగతి, ఇంటర్ పుస్తకాల్లోనే ఉంది.

ఈస్ట్‌కు దక్కేది ఎంత?

180 గ్రాముల గ్లూకోజ్‌ను తీసుకుందాం. రసాయనశాస్త్ర భాషలో ఇది ఒక మోల్. దీన్ని గాలిలో పూర్తిగా మండిస్తే సుమారు 2,800 కిలోజౌల్‌ల వేడి వస్తుంది. ఇదే గ్లూకోజ్‌ను ఈస్ట్‌కు ఇస్తే, సమీకరణం ప్రకారం 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ రావాలి. ఈ 92 గ్రాముల ఇథనాల్‌ను మండిస్తే వచ్చే వేడి సుమారు 2,730 కిలోజౌల్‌లు. అంటే బరువు దాదాపు సగానికి తగ్గింది. శక్తి మాత్రం నూటికి 97 వంతులు అలాగే ఉంది!

ఇప్పుడు కిణ్వనం చేసిన పని ఏమిటో స్పష్టంగా కనిపిస్తుంది. అది శక్తిని పుట్టించలేదు. చక్కెరలో అప్పటికే ఉన్న శక్తిని తక్కువ బరువులోకి సర్దింది. నీటిలో కరిగి జిగటగా ఉండే చక్కెరను ఇంజిన్‌లో మండించలేం. ఆల్కహాల్‌ను మండించగలం. వడ్లు దంచితే బియ్యం వస్తాయి. అంతమాత్రాన రోకలి బియ్యాన్ని పండించిందని ఎవరూ అనరు కదా! పండించింది పొలం, నీరు, ఎండ. కిణ్వనం కూడా రోకలి వంటిదే. శక్తి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, చెరకు ఆకుపై పడిన ఎండ నుంచి అని చెప్పాలి.

మరి ఇందులో ఈస్ట్‌కు లాభం ఏమిటి? చాలా స్వల్పం. ఒక గ్లూకోజ్ అణువును పులియబెడితే ఈస్ట్ కణానికి మిగిలేది రెండే రెండు ఎటిపి అణువులు. అదే గ్లూకోజ్‌ను ఆక్సిజన్‌తో పూర్తిగా దహనం చేసుకుంటే సుమారు 30 నుంచి 32 ఎటిపిలు దక్కుతాయి. చాలా పాఠ్యపుస్తకాలు 36 అనో, 38 అనో ఇప్పటికీ చెబుతున్నాయి. అవి పాత లెక్కలు. ఏ అంకె తీసుకున్నా తేడా పదిహేను రెట్లకు తక్కువ లేదు. ఎందుకింత తేడా? చక్కెర విచ్ఛిన్నమైనప్పుడు విడుదలయ్యే ఎలక్ట్రాన్‌లను చివరకు ఎవరో ఒకరు తీసుకోవాలి. గాలి ఉంటే ఆ పని ఆక్సిజన్ చేస్తుంది. గాలి లేనప్పుడు ఈస్ట్ వాటిని చక్కెర ముక్కల నుంచే వచ్చిన ఎసిటాల్డిహైడ్‌కు అప్పగిస్తుంది. అలా తయారైనదే ఇథనాల్. కణం దృష్టిలో అది పూర్తిగా మండని వ్యర్థం. మన దృష్టిలో అదే ఇంధనం. ఈస్ట్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మన ఇంజిన్ మొదలుపెడుతుంది. ఈస్ట్‌కు దొరకని ఆక్సిజన్ ఇంజిన్‌కు దొరుకుతుంది. జీవశక్తికీ కిణ్వనానికీ ఉన్న అసలు సంబంధం ఇదే.

ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ ఈ విషయాన్ని 19వ శతాబ్దంలోనే గుర్తించాడు. గాలి బాగా తగిలితే ఈస్ట్ ఎక్కువగా పెరిగి, తక్కువ చక్కెరను ఖర్చు చేస్తుందని, గాలి అందకపోతే తక్కువగా పెరిగి చక్కెరను విపరీతంగా ఖర్చు చేస్తుందని ఆయన గమనించాడు. కిణ్వనం అంటే గాలి లేని జీవితమని ఆయన అభిప్రాయం. 1897లో జర్మనీకి చెందిన ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్ కణాలను నూరి పిండిన రసం కూడా చక్కెరను పులియబెడుతుందని చూపించాడు. పని చేసేది ఎంజైములని దానితో తేలింది. అందుకు ఆయనకు 1907లో నోబెల్ బహుమతి లభించింది. ఇవన్నీ పాఠంలో పేర్లుగా, సంవత్సరాలుగా మీరు కంఠస్థం చేస్తారు. కాని పాశ్చర్ చూసినది ఒక శక్తి లెక్క అని ఎవరూ చెప్పరు. నా మొదటి ఫిర్యాదు అది.

మరిగించే ఖర్చు

నూటికి 97 వంతుల శక్తి మిగిలిందంటే ఇథనాల్‌కు మించిన ఇంధనం లేదనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. పై లెక్క కాగితం మీది లెక్క. తొట్టిలో ఈస్ట్ కొంత చక్కెరను తన పెరుగుదలకు వాడుకుంటుంది. అందువల్ల బాగా నడిచే కర్మాగారంలో కూడా సమీకరణం చెప్పిన దానిలో నూటికి 90 వంతులు వస్తే గొప్పే. అది చిన్న నష్టం. పెద్ద ఖర్చు వేరే ఉంది.

ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్‌కు అదే విషమవుతుంది. కర్మాగారపు తొట్టిలో ఆల్కహాల్ సుమారు 8 నుంచి 12 శాతం దగ్గరకు చేరేసరికి పని మందగించి ఆగిపోతుంది. మిగిలినదంతా దాదాపు నీరే. ఒక లీటరు ఇథనాల్ కావాలంటే సుమారు పది లీటర్ల ద్రవాన్ని వేడి చేయాలి. పది లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తీసుకురావడానికి ఎంత వేడి కావాలో మీ భౌతికశాస్త్ర పుస్తకం చెబుతుంది: 10 ను 4.2తో, దాన్ని 70తో గుణించండి. సుమారు 2,940 కిలోజౌల్‌లు, అంటే దాదాపు 3 మెగాజౌల్‌లు. ఒక లీటరు ఇథనాల్‌లో ఉన్న శక్తి సుమారు 21 మెగాజౌల్‌లు. అంటే ద్రవాన్ని కేవలం మరిగే స్థాయికి తేవడానికే ఏడో వంతు ఖర్చయింది! ఆవిరిగా మార్చడానికి ఇంకా వేడి కావాలి. కర్మాగారాల్లో బయటికి పోయే వేడి ద్రవంతో లోపలికి వచ్చే చల్లని ద్రవాన్ని వేడి చేసి కొంత ఆదా చేస్తారనేది నిజమే. అయినా ఖర్చు ఖర్చే. ఎంత బట్టీ పట్టినా ఆల్కహాల్ సుమారు 95.6 శాతం దగ్గర మొండికేస్తుంది. మిగిలిన నీరు మామూలు బట్టీకి లొంగదు. పెట్రోలులో కలపడానికి ఆ నీటిని కూడా ప్రత్యేకమైన జియోలైట్ జల్లెడల ద్వారా తీసివేయాలి.

ఈ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఇంధనం మంచిదా కాదా అని తేల్చే ప్రశ్నల్లో ఇది మొదటిది. చెరకు ఫ్యాక్టరీ పక్కనే ఉన్న డిస్టిలరీలో చెరకు పిప్పిని మండిస్తారు. అది కూడా ఆ చెరకు ఇచ్చినదే కనుక లెక్క బాగుంటుంది. 1975లో జాతీయ ఆల్కహాల్ పథకం ప్రారంభించిన బ్రెజిల్‌కు కలిసి వచ్చింది ఇదే. బియ్యం లేదా మొక్కజొన్నతో నడిచే డిస్టిలరీలో పిప్పి ఉండదు. అక్కడ బాయిలర్‌లోకి బయటి నుంచి ఊకో, బొగ్గో తేవాలి. బొగ్గు మండించి తయారు చేసిన ఇథనాల్‌ను, పిప్పి మండించి తయారు చేసిన ఇథనాల్‌ను ఒకే పేరుతో పిలిచి రెండింటికీ ఒకే ప్రశంసాపత్రం ఇవ్వడం విజ్ఞానం అనిపించుకోదు. సీసాలో రెండూ ఒకటే కావచ్చు. శక్తి లెక్కలో ఒకటి కావు.

"మొక్క గాలి నుంచి తీసుకున్న కార్బన్ డై ఆక్సైడ్ మళ్లీ గాలిలోకే పోతుంది, కాబట్టి ఇది కర్బన తటస్థం" అనే మాట మీరు వినే ఉంటారు. గ్లూకోజ్‌లోని ఆరు కర్బన పరమాణువుల మట్టుకు ఇది నిజం. వాటిలో రెండు తొట్టిలోనే బుడగలుగా పోతాయి. మిగిలిన నాలుగు ఇంజిన్‌లో మండి పోతాయి. ఆ ఆరింటినీ మొక్క గాలి నుంచే తీసుకుంది. కాని పొలానికి వేసిన యూరియా సహజవాయువుతో తయారైంది. మోటారు కరెంటుతో నడిచింది. లారీ డీజిలుతో నడిచింది. నత్రజని ఎరువు వేసిన నేల నుంచి నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డై ఆక్సైడ్ కంటే బరువుకు బరువు సుమారు 270 రెట్లు బలమైనది. సమీకరణంలో ఇవేవీ కనిపించవు.

పొలం దగ్గరి లెక్క

మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో 5 శాతంతో కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. అప్పట్లో ముడిసరుకు చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్. చక్కెర తీయగా మిగిలిన మడ్డి అది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం చెరకు రసాన్ని, పాడైన ధాన్యాన్ని, మిగులు ధాన్యాన్ని కూడా అనుమతించింది. 2022లో మిశ్రమం 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. మొదట 2030కి పెట్టుకున్న లక్ష్యం ఐదేళ్లు ముందుగానే నెరవేరింది. అవసరమైన ముడి చమురులో నూటికి 85 వంతులకు పైగా దిగుమతి చేసుకునే దేశానికి ఇది చిన్న విషయం కాదు. చెరకు రైతుకు ఫ్యాక్టరీ బకాయిలు త్వరగా అందడానికి కూడా ఇది ఉపయోగపడింది. ఈ మేలును ఒప్పుకోకుండా విమర్శ చేయడం సరికాదు.

అయితే మడ్డి నుంచి రసానికి, రసం నుంచి ధాన్యానికి మారినప్పుడు లెక్క పూర్తిగా మారిపోయింది. మడ్డి చక్కెర కోసం పండించిన చెరకులో మిగిలినది. దానికి అదనంగా నీళ్లు పెట్టలేదు. రసాన్నే పులియబెడితే ఆ చెరకు తాగిన నీరంతా ఇథనాల్ ఖాతాలోకి వస్తుంది. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ప్రణాళికలోని అంకెలు చూడండి. ఒక టన్ను చెరకు నుంచి 100 కిలోల చక్కెర గాని, 70 లీటర్ల ఇథనాల్ గాని వస్తుంది. కిలో చక్కెరకు కావలసిన చెరకు పండడానికి 1,600 నుంచి 2,000 లీటర్ల నీరు కావాలి. 2,000 ను 100తో గుణించి 70తో భాగించండి. లీటరు ఇథనాల్‌కు సుమారు 2,860 లీటర్ల నీరు! ఈ అంకెను ఏ ఉద్యమకారులో చెప్పలేదు, ప్రభుత్వ పత్రమే చెప్పింది. వర్షం నీటితో పండే చోట దీని అర్థం ఒకటి. బోరుబావి నీటితో పండే చోట దీని అర్థం మరొకటి.

ధాన్యం లెక్క కూడా మీరే వేయవచ్చు. టన్ను బియ్యంలో సుమారు 700 కిలోల పిండి పదార్థం ఉంటుంది. అది నీటితో కలిసి గ్లూకోజ్‌గా మారి, పులిసి, కొంత నష్టపోగా సుమారు 450 లీటర్ల ఇథనాల్ ఇస్తుంది. దీనిలోని శక్తి దాదాపు 295 లీటర్ల పెట్రోలుకు సమానం. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు దానితో సుమారు 4,400 కిలోమీటర్లు పోతుంది. ఇక ఆ టన్ను బియ్యాన్ని మరోవైపు పెట్టి చూడండి. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఒక మనిషికి నెలకు 5 కిలోలు, అంటే ఏడాదికి 60 కిలోలు. టన్ను బియ్యం 16 మందికి ఏడాది రేషన్! పులియబెట్టగా మిగిలిన మాంసకృత్తుల ముద్ద పశువుల దాణాగా పనికి వస్తుందని, తినడానికి పనికిరాని నూకలను వాడితే ఈ పోలిక వర్తించదని కూడా గుర్తుంచుకోవాలి. కాని గోదాములోని మంచి బియ్యం విషయంలో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.

ఈ ఘర్షణ ఊహ కాదు. 2023లో వర్షాలు సరిగా పడలేదు. ఆ ఏడాది జులైలో ఆహార సంస్థ గోదాముల నుంచి ఇథనాల్ కర్మాగారాలకు బియ్యం ఇవ్వడం ఆపేశారు. డిసెంబరులో చెరకు రసం వాడకంపై ఆంక్ష పెట్టారు. 2024 ఆగస్టులో వాటిని సడలించారు. ఈ మధ్యలో డిస్టిలరీలు మొక్కజొన్న వైపు మళ్లాయి. అంతకుముందు మొక్కజొన్నను ఎగుమతి చేసే మన దేశం 2024లో దిగుమతి చేసుకుంది. దాణా ధర పెరిగితే దాని దెబ్బ కోళ్ల పరిశ్రమపై, అంటే తెలుగు రాష్ట్రాల్లోని వేలాది కోళ్ల ఫారాలపై, చివరకు మీ మధ్యాహ్న భోజనంలోని గుడ్డుపై పడుతుంది. కిణ్వనం శక్తిని పుట్టించదని మనం మొదట అనుకున్న మాటకు ఇదే ఆచరణలో అర్థం. శక్తి ఎక్కడి నుంచో రావాలి. అది ఎవరి వాటాలోంచి వస్తుందన్నదే ప్రశ్న.

బండి నడిపేవారికి సంబంధించిన లెక్క కూడా ఒకటుంది. లీటరు పెట్రోలులో సుమారు 32, లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌల్‌లు ఉంటాయి. నాలుగు పాళ్లు పెట్రోలు, ఒక పాలు ఇథనాల్ కలిపితే లీటరుకు 29.8 మెగాజౌల్‌లే వస్తాయి. అంటే సుమారు 7 శాతం తక్కువ. ఇథనాల్ ఎక్కువ ఆక్టేన్ విలువ గలది కనుక దానికి తగ్గట్టు రూపొందించిన ఇంజిన్ ఈ నష్టంలో కొంత పూడ్చుకోగలదు. పాత బండి పూడ్చుకోలేదు. "ఏమీ తేడా ఉండదు" అని చెప్పడం కన్నా ఈ గుణకారం చేసి చూపించడం మర్యాద.

కాలుష్యమా, ఇంధనమా?

మొలాసిస్ నుంచి ఒక లీటరు ఆల్కహాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల ముదురు గోధుమరంగు మురుగు మిగులుతుంది. దీన్ని స్పెంట్ వాష్ అంటారు. దీని జీవరసాయన ఆక్సిజన్ అవసరం లీటరుకు 40,000 మిల్లీగ్రాములు దాటుతుంది. మామూలు ఇళ్ల మురుగునీటిలో అది రెండు మూడు వందలే. శుద్ధి చేయని స్పెంట్ వాష్ చెరువులో కలిస్తే నీటిలోని ఆక్సిజన్ అంతా ఖర్చయి చేపలు చచ్చిపోతాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. జీవరసాయన ఆక్సిజన్ అవసరం అంటే ఏమిటి? నీటిలోని సేంద్రియ పదార్థాన్ని దహనం చేయడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్. అంటే అది ఇంకా మండకుండా మిగిలిన శక్తికి కొలత! చెరువులో అది విషం. గాలి చొరని తొట్టిలో పెడితే అదే స్పెంట్ వాష్ మరో రకం సూక్ష్మజీవులకు ఆహారమై మీథేన్ వాయువు ఇస్తుంది. ఆ వాయువుతో బాయిలర్‌ను వెలిగించవచ్చు. మొదటి కిణ్వనం వదిలేసిన దాన్ని రెండోది ఏరుకుంటుంది. బాధ్యతగా నడిచే డిస్టిలరీలు ఈ పని చేస్తున్నాయి. కాలుష్య నియంత్రణ పాఠాన్నీ, శక్తి పాఠాన్నీ వేరు వేరు అధ్యాయాల్లో పెట్టిన మన పుస్తకాలు మాత్రం ఈ సంబంధాన్ని దాచేస్తున్నాయి.

పంజాబ్‌లోని జీరా ప్రాంతంలో 2022లో, తెలంగాణలోని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో ఇథనాల్ కర్మాగారాలు వద్దంటూ గ్రామస్తులు రోడ్డెక్కారు. వారి ఆందోళన తమ నీటి గురించి, గాలి గురించి. అందులో ఏది ఎంతవరకు నిజమో కొలతలే తేల్చాలి. "ఇది హరిత ఇంధనం" అనే నినాదం ఆ కొలతలకు ప్రత్యామ్నాయం కాదు. "పరిశ్రమ అంటేనే విషం" అనే నినాదమూ కాదు.

పేడతొట్టి చెప్పే పాఠం

ఇంతసేపూ ఆల్కహాల్ గురించే మాట్లాడుకున్నాం. మన దేశానికి మరింత దగ్గరి ఉదాహరణ గోబర్ గ్యాస్. 1776లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా మజియోరే సరస్సు అడుగు బురదను కదిలించి, పైకి వచ్చిన మండే వాయువును పట్టాడు. అదే మీథేన్. మన దేశంలో 1930ల చివర ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్.వి. దేశాయ్ పేడతో ప్రయోగాలు చేశాడు. తర్వాత ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఇనుప డ్రమ్ము తేలియాడే నమూనాను ఊళ్లకు తెచ్చింది. 1981-82లో జాతీయ పథకం మొదలైంది. 1984లో తక్కువ ఖర్చుతో ఇటుకలతో కట్టే దీనబంధు నమూనా వచ్చింది.

దీని శక్తి లెక్క కూడా చూడండి. ఒక మోల్ గ్లూకోజ్ పూర్తిగా జీవవాయువుగా మారితే మూడు మోల్‌ల మీథేన్, మూడు మోల్‌ల కార్బన్ డై ఆక్సైడ్ వస్తాయి. మూడు మోల్‌ల మీథేన్ మండితే సుమారు 2,670 కిలోజౌల్‌లు. అంటే 95 శాతం. ఇథనాల్‌తో దాదాపు సమానమే. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇథనాల్ నీటిలో కలిసిపోతుంది. దాన్ని విడదీయడానికి మరిగించాలి. మీథేన్ నీటిలో కరగదు. బుడగగా తనంతట తానే పైకి వస్తుంది. బట్టీ అక్కరలేదు, బాయిలర్ అక్కరలేదు. పైగా పేడలోని నత్రజని స్లర్రీలో మిగిలి తిరిగి పొలానికి చేరుతుంది. అదే పేడను పిడకలు చేసి కాలిస్తే, పొయ్యి ఆ వేడిలో పదో వంతు మాత్రమే గిన్నెకు అందిస్తుంది. నత్రజని పొగలో పోతుంది. గ్యాస్ పొయ్యి సగానికి పైగా వేడిని గిన్నెకు అందిస్తుంది. నాలుగైదు పశువుల నుంచి రోజుకు వచ్చే 50 కిలోల పేడతో సుమారు రెండు ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. అది నెలకు దాదాపు రెండు వంటగ్యాస్ సిలిండర్‌లతో సమానం.

కచ్చితంగా చెప్పాలంటే ఈ తొట్టిలో జరిగేదంతా కిణ్వనం కాదు. మొదట కొన్ని బాక్టీరియాలు పెద్ద అణువులను ముక్కలు చేస్తాయి. మరికొన్ని వాటిని పులియబెట్టి ఆమ్లాలుగా, హైడ్రోజన్‌గా మారుస్తాయి. చివరకు ఆర్కియా అనే ప్రత్యేక వర్గపు సూక్ష్మజీవులు వాటి నుంచి మీథేన్ తయారు చేస్తాయి. ఒకరు వదిలింది మరొకరికి ఆహారం. ఈ గొలుసులో మొదటివారు తొందరపడి ఆమ్లం ఎక్కువ చేస్తే చివరివారు పని మానేస్తారు. అందుకే తొట్టిలో ఒకేసారి ఎక్కువ వంటింటి చెత్త వేస్తే గ్యాస్ ఆగిపోతుంది.

మరి ఇంత మంచిదైతే ఊరూరా కట్టిన తొట్లలో ఎన్నో ఎందుకు మూలన పడ్డాయి? దీనికి కారణం విజ్ఞానం తప్పడం కాదు. ట్రాక్టర్ వచ్చాక ఇంట్లో పశువులు తగ్గాయి. రోజూ పేడ, నీరు కలపడం ఎక్కువగా ఆడవాళ్ల పనే అయింది. చలికాలంలో ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దగ్గరైతే గ్యాస్ దాదాపు రాదు. పగులు వస్తే బాగుచేసే మేస్త్రీ దొరకడు. ఇంతలో సిలిండర్ ఇంటికి వచ్చింది. తొట్టి కట్టినప్పుడు ఇచ్చిన సబ్సిడీ దాని నిర్వహణకు కొనసాగలేదు. ఎన్ని కట్టామన్నది లెక్కపెట్టడమే కాని ఎన్ని పని చేస్తున్నాయన్నది అంతగా పట్టించుకోలేదు. ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. మీథేన్ నూరేళ్ల లెక్కలో కార్బన్ డై ఆక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. పగిలిన తొట్టి నుంచి గ్యాస్ కారితే మేలు కాస్తా కీడవుతుంది.

గడ్డితో పరిష్కారం దొరికిందా?

ఆహారాన్ని ముట్టకుండా గడ్డిని పులియబెడితే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. గడ్డిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్‌లో వరిగడ్డి నుంచి రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ తీసే సామర్థ్యంతో కర్మాగారాన్ని ప్రారంభించారు. ఢిల్లీ చుట్టుపక్కల పొలాల్లో తగలబెట్టే గడ్డికి ఇది మంచి దారి. కాని మొక్క ఆ గొలుసును లిగ్నిన్‌తో గట్టిగా కట్టిపెట్టింది. దాన్ని విప్పడానికి ఆమ్లం, ఆవిరి, ఖరీదైన ఎంజైములు కావాలి. గడ్డిలో ఐదు కర్బనాల చక్కెరలు కూడా చాలా ఉంటాయి. మామూలు ఈస్ట్ వాటిని ముట్టదు. తేలికగా, చెల్లాచెదురుగా ఉండే గడ్డిని పోగుచేసి, కట్టలు కట్టి, లారీల్లో తేవడానికి డీజిల్ కావాలి. బియ్యం గింజలో మొక్క సిద్ధం చేసి ఇచ్చిన సౌకర్యానికి గడ్డి విషయంలో మనమే ధర చెల్లించాలి. చెల్లించదగిన ధరే కావచ్చు. కాని ధర లేదని చెప్పకూడదు.

మీరు అడగవలసిన ప్రశ్నలు

నేను ఇథనాల్‌కు వ్యతిరేకిని కాను. మడ్డితో, పిప్పి మంటతో, శుద్ధి చేసిన మురుగుతో తయారైన ఇథనాల్‌ను నేను సమర్థిస్తాను. పేడ, మార్కెట్ చెత్త, నగరాల మురుగు నుంచి వచ్చే జీవవాయువును ఇంకా గట్టిగా సమర్థిస్తాను. వీటికి అదనపు పొలం అక్కరలేదు. ఎలాగూ కుళ్లి గాలిలో కలిసే శక్తిని అవి పట్టుకుంటున్నాయి. బోరునీటితో, మంచి ధాన్యంతో, బొగ్గు బాయిలర్‌తో తయారైన దాన్ని కూడా అదే పేరుతో పొగడడాన్ని మాత్రం అంగీకరించలేను.

కాబట్టి ఇకమీద ఎవరైనా ఏదైనా జీవ ఇంధనం గురించి చెబితే నాలుగు ప్రశ్నలు అడగండి. శక్తి ఏ పొలం నుంచి లేదా ఏ చెత్త నుంచి వచ్చింది? దాన్ని నీటి నుంచి వేరు చేయడానికి ఏం మండించారు? ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయి, అవి ఎవరి బావిలోవి? చివరకు మిగిలింది ఎక్కడికి పోయింది? ఈ నాలుగింటికీ అంకెలతో జవాబు చెప్పగలిగిన ఇంధనాన్ని నమ్మండి.

పరీక్షలో మళ్లీ ఆ రెండు మార్కుల ప్రశ్న వస్తే ఏం రాయాలంటారా? "ఆక్సిజన్ లేకుండా చక్కెరలోని శక్తిలో కొద్ది భాగాన్ని కణం వాడుకుని, ఎక్కువ భాగాన్ని ఆల్కహాల్‌లోనో, ఆమ్లంలోనో మిగిల్చే ప్రక్రియ" అని రాయండి. మార్కులు తగ్గవు. ఉపాధ్యాయుడు ఇది ఎక్కడిదని అడిగితే 92 గ్రాముల ఇథనాల్ లెక్క బల్ల మీద వేసి చూపించండి.